అద్దాల తొట్టిలో సముద్రం

పగడం నవరత్నాలలో ఒకటి. దానిని ఉంగరంలో పొదిగించుకొని ధరించేవారికి అది ఒక రాయి. వాస్తవానికి అది రాయి కాదు. సముద్రగర్భంలో జీవించే అల్పప్రాణులు తమ దేహానికి ఆధారంగా సున్నంతో నిర్మించుకొన్న కంకాళం. అటువంటి ప్రాణులను ఇంటిలోనే అద్దాల తొట్టిలో పోషింపవచ్చునని లోకానికి తెలియజెప్పినవారిలో ఫిలిప్ హెన్రీ గాస్ అగ్రగణ్యుడు. ఆ కీర్తియే తుదకు అతనికి మనస్తాపం కలిగించింది.

గాస్ 1810 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని వుస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఊరూరా తిరిగి చిన్న చిన్న రూపచిత్రాలు గీసి పొట్టపోసుకొనే చిత్రకారుడు. కొండపల్లిలో పొణికి కర్ర బొమ్మకు సన్నని కుంచెతో కనుబొమ తీర్చే ఇంట పుట్టిన బిడ్డకు రంగులు ఎట్లా అలవడతాయో గాస్‌కూ అట్లే అలవడ్డాయి. తన గ్రంథాలలో అనేకానికి బొమ్మలు అతడే గీసుకొన్నాడు. బాల్యం పూల్ అనే రేవు పట్టణంలో గడిచింది. పదిహేడవ ఏట గుమాస్తాగా న్యూఫౌండ్‌లాండ్ చేరాడు. తరువాత కెనడాలో సేద్యం చేసి నష్టపోయాడు. అలబామాలో కొన్ని నెలలు బడిపంతులుగా ఉన్నాడు. 1844 నుండి 1846 వరకు జమైకాలో పక్షులను పరిశీలించాడు. 1848లో ఎమిలీని వివాహమాడాడు.

1852లో అతిశ్రమవల్ల ఆరోగ్యం చెడి, గాస్ కుటుంబంతో డెవన్ తీరానికి చేరాడు. అతని జీవితాన్ని మలుపు తిప్పినది ఆ తీరమే. సముద్రం పాటు వేళ వెనుకకు తగ్గగానే సుత్తి, ఉలి, సీసాలు పట్టుకొని రాతి గుంటలలోకి దిగేవాడు. ఇల్‌ఫ్రాకూమ్ వద్ద కాషాయ, సువర్ణ వర్ణాలతో మెరిసే ఒక పగడపు జీవిని కనుగొని, 1853లో దానిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు.

కనుగొనడం ఒక ఎత్తు, బ్రతికించడం మరొక ఎత్తు. పాత్రలో నిలిచిన సముద్రజలం త్వరలోనే కుళ్ళిపోతుంది. ఈ చిక్కును గాస్ కంటె ముందే ఎదుర్కొన్న స్త్రీ ఒకరున్నారు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ మఠాధికారి భార్య అన్నా థిన్ 1846లో టార్కీ తీరం నుండి పగడపు జీవులను ఇంటికి తెచ్చుకొంది. నీరు చెడకుండా పనిమనిషి ప్రతిదినం కిటికీ దగ్గర నిలబడి, ఆ నీటిని ఒక పాత్రలోనుండి మరొక పాత్రలోకి ఎత్తిపోసేది. మన ఇళ్ళలో పాలు చల్లార్చినట్లే! గాలిలోని ప్రాణవాయువు అట్లా నీటిలో కలిసేది. మరుసటి సంవత్సరం ఆమె తొట్టిలో సముద్రపు నాచును కూడ ఉంచింది. పగడాలు సంతానోత్పత్తి చేయడాన్ని గమనించి వ్రాసుకొన్న ఆమె వివరాలు 1859లో గాస్ తోడ్పాటుతో ప్రకటితమయ్యాయి. చరిత్ర ఆమెను ఇంతకాలం మరచిపోవడం న్యాయం కాదు.

గాస్ అనుసరించినదీ ఈ సూత్రాన్నే. జంతువు విడిచిన బొగ్గుపులుసు వాయువును నాచు గ్రహించి, వెలుతురులో ప్రాణవాయువును విడుస్తుంది. రెండింటి పాళ్ళు కుదిరితే నీరు నెలల తరబడి చెడదు. సముద్రానికి దూరంగా ఉన్నవారికోసం అతడు మామూలు ఉప్పు, ఎప్సమ్ లవణం, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కలిపి కృత్రిమ సముద్రజలాన్ని కూడ తయారుచేశాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో తెరచిన మత్స్యమందిరానికి అనేక జీవులను సేకరించి పంపాడు. 1854లో వెలువడిన అతని గ్రంథం వల్ల అక్వేరియం అనే మాట ఈ తొట్టికి పేరుగా స్థిరపడింది. అద్దంపై పన్ను 1845లోనే రద్దయింది. రైళ్ళు తీరానికి పోతున్నాయి. ఇంకేమి కావాలి? మధ్యతరగతి ఇళ్ళలో అద్దాల తొట్లు వెలిశాయి.

1857లో ఎమిలీ క్యాన్సర్‌తో మరణించింది. సృష్టిక్రమంపై ఆ ఏడే ప్రకటించిన గ్రంథాన్ని పండితులూ, భక్తులూ కూడ తిరస్కరించారు. ఎనిమిదేళ్ళ కుమారుడు ఎడ్మండ్‌తో గాస్ డెవన్ తీరంలోనే స్థిరపడి, బ్రిటిష్ తీరాల పగడాలను, వాటికి బంధువులైన సముద్రపు పువ్వులను వర్ణిస్తూ 1860 నాటికి ఒక మహాగ్రంథం పూర్తిచేశాడు.

అయితే ఆ గ్రంథాలు చదివినవారు ఊరకుండలేదు. గుంపులు గుంపులుగా తీరానికి వచ్చి, రాళ్ళు పగులగొట్టి, దొరికినదెల్లా బుట్టలకెత్తుకొన్నారు. ఇంటికి చేరిన జీవులలో అధికభాగం చచ్చిపోయేవి. మళ్ళీ బుట్టలు పట్టుకొని బయలుదేరేవారు. యుగయుగాలుగా చెక్కుచెదరని రాతి గుంటలు కొద్ది సంవత్సరాలలో వట్టిపోయాయి. పొణికి చెట్లు అరుదై చింతిస్తున్న కొండపల్లి కళాకారులకు ఈ వేదన అర్థమవుతుంది. తన రచనలే ఇందుకు దోహదం చేశాయని గాస్ ఎంతగా క్రుంగిపోయాడో ఎడ్మండ్ 1907లో తన స్మృతిగ్రంథంలో వెల్లడించాడు. గాస్‌ది దురుద్దేశం కాదు. కాని మార్గం చూపినవాడు తానే కదా!

గాస్ పెంచినవి చల్లని నీటి పగడాలు. మన్నారు సింధుశాఖ, అండమాన్, లక్షద్వీపాలలోని దిబ్బలను నిర్మించే ఉష్ణమండల పగడాల శరీరంలో సూక్ష్మమైన నాచు నివసించి ఆహారం సమకూరుస్తుంది. అందుచేత వాటికి తీక్ష్ణమైన వెలుతురు, కంకాళ నిర్మాణానికి తగినంత కాల్షియం అవసరం. ఇతర దేశాలలో వీటిని ఇంట పెంచేవారిలో పలువురు నేడు సముద్రాన్ని కొల్లగొట్టకుండా, తొట్టిలోని కొమ్మనే తుంచి, రాతికి అంటించి క్రొత్త పగడాన్ని పెంచుతున్నారు. మన దేశంలో రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులిని పట్టడం ఎంత నేరమో సముద్రం నుండి పగడాన్ని పెకలించడమూ అంతే నేరం.

వృద్ధాప్యంలో గాస్ దృష్టి ఆర్కిడ్ పూలమొక్కల వైపు, సూక్ష్మదర్శినిలో కనిపించే నీటిజీవుల వైపు మళ్ళింది. 1888 ఆగస్టు 23న, తాను అంతగా ప్రేమించిన డెవన్ తీరానికి చేరువలోనే కన్నుమూశాడు.