ఎల్లాప్రగడ సుబ్బారావు: షుగర్ పేషెంట్ల మందుల చీటీలో మన భీమవరం డాక్టర్.. కాళ్ల తిమ్మిర్లతో ఆయనకేంటి లింక్?

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం లాంటి మండలాల్లో షుగర్ పేషెంట్లు ఆసుపత్రికి తెచ్చే కవర్‌లో తరచూ కనిపించేది మెట్‌ఫార్మిన్. రక్తం తక్కువుందని చెబితే పక్కనే ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా ఉంటుంది. ఈ రెండో మాత్రను ల్యాబ్‌లో తయారు చేసిన టీమ్‌కు లీడర్ మన తెలుగోడే. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

కాశీలో అరటిపండ్లు అమ్ముదామని..

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు సుబ్బారావు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. 13 ఏళ్లకే కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముదామని ఇల్లు వదిలేశారు. తల్లి వెంకమ్మ వెనక్కి తీసుకొచ్చి పట్టుబట్టి చదివించారు. మెట్రిక్ పాసైంది మూడో ప్రయత్నంలో.

మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నారని తెల్ల ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ కాకుండా ఎల్ఎంఎస్ డిగ్రీతో సరిపెట్టారు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే జబ్బు రోజుల తేడాలో ఇద్దరు సోదరులను తీసుకెళ్లిపోయింది. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి చిక్కి శల్యమవుతాడు. అదే జబ్బు తర్వాత సుబ్బారావుకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

హార్వర్డ్‌లో చదువు.. ఆసుపత్రిలో కూలి పని

1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. భార్య శేషగిరిని ఆ తర్వాత మళ్లీ చూడనే లేదు. బోస్టన్‌లో ఖర్చుల కోసం ఆసుపత్రిలో చిన్నా చితకా పనులు చేశారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. ప్యాంక్రియాస్ నుంచి ఇన్సులిన్ బయటకు రావాలంటే ఈ ఏటీపీ సిగ్నల్ కావాల్సిందే!

ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన టీమ్ 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. సోదరులను మింగిన స్ప్రూకి పనికొచ్చే మందు అదే. బోదకాలుకు వాడే డీఈసీ మాత్ర, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆయన ల్యాబ్ నుంచే వచ్చాయి.

అసలు చిక్కు ఇక్కడే!

ఫోలిక్ యాసిడ్ వచ్చిన కొద్ది కాలానికే డాక్టర్లు ఒక విషయం గమనించారు. ఒక రకం రక్తహీనత ఉన్నవాళ్లకు ఈ మందిస్తే రక్తం పెరుగుతోంది.. కానీ నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉన్నాయి. వాళ్లకు కావాల్సింది వేరే విటమిన్. దాన్ని పట్టుకోవడానికి సుబ్బారావు టీమ్ కూడా లివర్ సారంతో కుస్తీ పట్టింది. చివరికి 1948లో వేరే ల్యాబ్‌లు దాన్ని వేరు చేశాయి. అదే బీ12. ఆ ఏడాది ఆగస్టులోనే నిద్రలో సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే.

1957లో మెట్‌ఫార్మిన్ షుగర్ మందుగా వచ్చింది. మంచి మందే. కానీ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లకు, శాకాహారులకు రిస్క్ ఇంకా ఎక్కువ. అలాంటివాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రిపోర్టులో రక్తం బాగానే కనిపిస్తుంది. కాళ్ల తిమ్మిర్లు, మంటలు మాత్రం పెరుగుతాయి. షుగర్ ఉంది కదా, మామూలేలే అని వదిలేస్తారు. షుగర్ వల్ల వచ్చే నరాల నష్టాన్ని వెనక్కి తేవడం కష్టం. బీ12 లోపమైతే మొదట్లోనే పట్టుకుంటే నయం చేయొచ్చు. అందుకే తేడా తెలుసుకోవాలి.

మీరేం చేయాలి?

– ఆసుపత్రిలో అడ్మిట్ అయ్యేటప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్‌లన్నీ తీసుకెళ్లండి. గ్యాస్ మాత్రతో సహా.
– మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్లుగా వాడుతున్నారో డాక్టర్‌కు చెప్పండి.
– తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు ఉంటే బీ12 టెస్ట్ గురించి అడగండి.
– మెట్‌ఫార్మిన్‌ను మీ అంతట మీరు ఆపేయకండి.

తనకు దొరికిన మందుతో సుబ్బారావు అక్కడితో ఆగిపోలేదు. అది చేయలేని పని ఏంటో కూడా వెతికారు. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఈ రోజే ఒకసారి అడగండి.. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని.