విజ్జీ: హాబ్స్‌ను ఓడెక్కించి రప్పించిన విజయనగరం అభిమాని.. టీమిండియాకు భారమైన కెప్టెన్!

ఇప్పుడు మనకు నచ్చిన క్రికెటర్ ఆట చూడాలంటే జేబులోంచి ఫోన్ తీస్తే చాలు. పాత ఇన్నింగ్స్ కూడా రెండు నిమిషాల వీడియోగా దొరికేస్తుంది. 1930లో పాతికేళ్లు కూడా నిండని ఓ విజయనగరం రాజకుమారుడికి ఆ అవకాశం లేదు. ప్రపంచంలోనే గొప్ప ఓపెనింగ్ జోడీ ఆటను ఆయన చూడాలనుకున్నారు. చూడటమే కాదు, వాళ్ల పక్కన నిలబడి ఆడాలనుకున్నారు. అందుకు ఏం చేశారంటే.. ఆ ఇద్దరినీ ఇంగ్లండ్ నుంచి ఓడలో ఇండియాకే రప్పించేశారు!

ఆ ఇద్దరు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. రప్పించిన ఆయన పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. క్రికెట్ లోకానికి మాత్రం ఆయన విజ్జీ.

మన ఉత్తరాంధ్రలో ఈ పేరు తెలియని వాళ్లు తక్కువే. విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉంది కదా! కానీ ఆ పేరు వెనకున్న మనిషి కథ మాత్రం సగమే తెలుసు. కొందరికి ఆయన మన ఊరి నుంచి వెళ్లి ఇండియా కెప్టెన్ అయిన రాజుగారు. క్రికెట్ పుస్తకాలు చదివిన వాళ్లకు భారత జట్టుకు దొరికిన అధ్వాన్నమైన కెప్టెన్. నిజానికి రెండూ ఒకే మనిషి కథ. క్రికెట్ మీద పిచ్చి ప్రేమ, దానికి తోడు అంతులేని డబ్బు ఉన్న ఓ అభిమాని కథ.

సింహాసనం అన్నది.. ఆట తమ్ముడిది

విజ్జీ 1905 డిసెంబర్ 28న పుట్టారు. తండ్రి విజయనగరం సంస్థానాధిపతి పూసపాటి విజయరామ గజపతిరాజు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసును దానికి అధ్యక్షుడిగా కూర్చోబెట్టింది ఈయనే. అంటే కళాకారులను పిలిచి పోషించడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు. తండ్రికి సంగీతం ఎలాగో, కొడుక్కి క్రికెట్ అలాగ.

సంస్థానం పెద్దకొడుకు అలక నారాయణ గజపతికి వెళ్లింది. రెండోవాడు కాబట్టి విజ్జీ ఎప్పటికీ మహారాజు కాలేదు, మహారాజ్‌కుమార్‌గానే మిగిలిపోయారు. ఈ చిన్న తేడా ఆయన జీవితాంతం ఎక్కడో గుచ్చుతూనే ఉందేమో అనిపిస్తుంది. అజ్మీర్ మేయో కాలేజీలో, ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని హేలీబరీ స్కూల్లో చదివారు. తండ్రి పోయాక కాశీలోని కుటుంబ ఎస్టేట్‌కు మకాం మార్చారు. టెన్నిస్ బాగా ఆడేవారు, వేట అంటే ఇష్టం. కానీ ప్రాణం మాత్రం క్రికెట్టే. 1926లో సొంత జట్టు కట్టారు. కాశీ ప్యాలెస్ ఆవరణలోనే గ్రౌండ్ వేయించుకున్నారు.

ఆటగాడిగా ఆయన ఎంత? గట్టిగా చెప్పాలంటే క్లబ్ స్థాయి. అది ఒప్పుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో హాయిగా అయిపోయేది.

ఒకవైపు పొందూరు రాట్నం.. మరోవైపు హాబ్స్ బ్యాట్

1930 ఉప్పు సత్యాగ్రహం ఏడాది. విజయనగరం నుంచి రైలెక్కితే కాసేపట్లో వచ్చే పొందూరులో రాట్నాలు తిరుగుతున్న కాలం. పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, వెంట్రుకంత సన్నని నూలు తీసే ఊరది. ఆ ఖద్దరు గొప్పతనం అప్పటికే గాంధీజీ దాకా చేరింది. దేశమంతా ఉద్యమంతో ఊగిపోతుండటంతో ఆ శీతాకాలం ఇండియాకు రావాల్సిన ఎంసీసీ జట్టు టూర్ రద్దు చేసుకుంది.

ఆ ఖాళీలోకి విజ్జీ దూరారు. ఎంసీసీ రాకపోతేనేం, నేనే టూర్ పెడతానన్నారు. హాబ్స్‌కు అప్పటికి 48 ఏళ్లు వస్తున్నాయి. ఆ ఏడాదే టెస్టుల నుంచి తప్పుకున్నారు. అంతకుముందు ఇలాంటి పిలుపులు ఎన్నో వస్తే కాదన్న మనిషి. అలాంటి హాబ్స్ విజ్జీ మాటకు సరేనన్నారు. సట్‌క్లిఫ్ కూడా వచ్చారు. ఇండియా, సిలోన్‌లలో విజ్జీ జట్టు ఊరూరా తిరిగి మ్యాచ్‌లు ఆడింది. పెద్ద ఆటగాళ్ల పేర్లు పేపర్లో చదవడమే తప్ప కళ్లతో చూడని మన జనానికి అదో పండగ. మన కుర్రాళ్లకు ప్రపంచ స్థాయి బ్యాటింగ్‌ను దగ్గర నుంచి చూసే పాఠం. తర్వాత కొన్నేళ్లకు వెస్టిండీస్ స్టార్ లియరీ కాన్‌స్టంటైన్‌ను కూడా విజ్జీ ఇండియాకు రప్పించారు.

ఇక్కడిదాకా చూస్తే విజ్జీని తప్పు పట్టడానికేం లేదు. ఉద్యమం నడుస్తుంటే తెల్లదొరలను పిలిచి ఆటలా అని ఖద్దరు కట్టినవాళ్లు అనుకుని ఉండొచ్చు. అదొక్కటీ పక్కన పెడితే, ఓ అభిమాని డబ్బు ఇంతకంటే బాగా ఖర్చుపెట్టలేడు.

ట్రోఫీకి పేరెవరిది?

గొడవంతా మైదానంలోకి కాదు, బోర్డులోకి అడుగుపెట్టాక మొదలైంది. అప్పట్లో క్రికెట్ బోర్డు రాజుల చేతుల్లో ఉండేది. పటియాలా మహారాజు ఒకవైపు, విజ్జీ ఇంకోవైపు. ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా మైదానంలో వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ పేరుతో విజ్జీ ఓ పెవిలియన్ కట్టించారు. దేశవాళీ టోర్నీ మొదలవుతుంటే దాని ట్రోఫీకి కూడా విల్లింగ్డన్ పేరే పెట్టించాలని చూశారు. ఆ పోటీలో చివరికి పటియాలాదే పైచేయి అయింది. అదే ఇవాళ్టి రంజీ ట్రోఫీ. కాస్త అటూ ఇటూ అయి ఉంటే మన కుర్రాళ్లు ఇప్పుడు విల్లింగ్డన్ ట్రోఫీ ఆడుతూ ఉండేవారు!

1932లో ఇండియా తొలి టెస్టు ఆడిన ఇంగ్లండ్ టూర్‌కు విజ్జీకి ఉప కెప్టెన్ తర్వాతి హోదా ఇచ్చారు. ఆరోగ్యం, ఫామ్ బాగోలేదంటూ ఆయన వెళ్లలేదు. ఆ టెస్టుకు కెప్టెన్ సీకే నాయుడు. ఆయనా తెలుగు మూలాలున్నవాడే, నాగపూర్‌లో పుట్టిన కుటుంబం. రాజవంశం కాదు, ఆటతో పైకొచ్చిన మనిషి.

నాలుగేళ్ల తర్వాత 1936 టూర్‌కు కెప్టెన్ ఎవరన్న ప్రశ్న వచ్చింది. రేసులో సీకే ఉన్నారు. కానీ బోర్డులో చక్రం తిప్పింది విజ్జీ. ముప్పై ఏళ్ల వయసులో, అప్పటివరకు ఒక్క టెస్టు కూడా ఆడని మనిషి ఇండియా కెప్టెన్ అయిపోయారు.

36 పెట్టెలు.. ఇద్దరు నౌకర్లు

విజ్జీ ఇంగ్లండ్‌కు 36 సామాన్ల పెట్టెలతో, ఇద్దరు నౌకర్లతో బయల్దేరారని చెబుతారు. అక్కడ కౌంటీ మ్యాచ్‌లో ప్రత్యర్థి కెప్టెన్‌కు బంగారు వాచీ బహుమతిగా ఇచ్చారని, ఆయన మొహమాటానికి ఓ ఫుల్‌టాస్, రెండు సులువైన బంతులు వేశారని ఓ కథ ఉంది. ఇలాంటి కథల్లో ఎంత నిజమో ఎంత కల్పనో గానీ, స్కోర్‌బోర్డు మాత్రం అబద్ధం చెప్పదు. మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్స్, మొత్తం 33 పరుగులు. సగటు 8.25. అత్యధిక స్కోరు 19 నాటౌట్.

పరుగులు చేయకపోవడం పెద్ద నేరం కాదు. చాలామంది కెప్టెన్లు ఆ పని చేశారు. అసలు నష్టం వేరే చోట జరిగింది.

లాలా అమర్‌నాథ్.. ఇండియా తరఫున తొలి టెస్టు సెంచరీ కొట్టిన ఆటగాడు. ఆ టూర్‌లో భీకరమైన ఫామ్‌లో ఉన్నారు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని తన వంతు కోసం కూర్చుంటే, ఆయన్ను ఆపి ఇంకొకరిని, ఆ తర్వాత మరొకరిని పంపుతూ పోయారు. ఆట ముగుస్తుందనగా ఆయన్ను దింపారు. తిరిగొచ్చాక అమర్‌నాథ్ కోపం ఆపుకోలేక ప్యాడ్లు విసిరేసి పంజాబీలో ఏదో అన్నారు. అంతే! తొలి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో ఆయన్ను ఓడెక్కించి ఇంటికి పంపేశారు.

ఆరేళ్ల క్రితం ఆటగాళ్లను ఓడలో రప్పించిన మనిషి నాయకత్వంలోనే, జట్టులోని ఓ గొప్ప ఆటగాడు ఓడలో వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

జట్టు రెండు ముక్కలైంది. సీకేను అవమానించిన వాళ్లకు కెప్టెన్ దగ్గర మంచి మార్కులు పడేవని అప్పటి ఆటగాళ్ల మధ్య చెప్పుకునేవారు. పొద్దున టిఫిన్ బల్ల దగ్గర సీకేతో దురుసుగా మాట్లాడినందుకే ఒకాయనకు టెస్టు క్యాప్ దక్కిందన్న మాట కూడా ఉంది. ఒకే జట్టులో సీకే, ఆయన తమ్ముడు సీఎస్ నాయుడు, మద్రాసు నుంచి కోటా రామస్వామి, పైన కెప్టెన్‌గా విజ్జీ.. నలుగురు తెలుగు మూలాలున్నవాళ్లు. ఇలాంటి జట్టు మళ్లీ ఎప్పుడొస్తుందో! ఉన్న ఆ ఒక్కసారీ ఇలా గడిచింది.

మాంచెస్టర్‌లో ఏం జరిగిందంటే..

ఆ టూర్‌లో గుర్తుంచుకోవాల్సిన రోజు ఒకటుంది. ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టు రెండో రోజు. ఇండియా మొదట 203కే ఆలౌటైంది. ఇంగ్లండ్ 8 వికెట్లకు 571 దగ్గర డిక్లేర్ చేసింది. ఇక ఓటమి ఖాయం అనుకుంటుండగా విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ ఓపెనర్లుగా దిగారు. సాయంత్రానికి వికెట్ పడకుండా 190 పరుగులు! ఆ ఒక్కరోజులో రెండు జట్లూ కలిపి చేసింది 588. టెస్టు క్రికెట్‌లో ఒక రోజు పరుగుల రికార్డు నేటికీ అదే.

ఆ జోడీ 203 పరుగుల భాగస్వామ్యం కట్టింది. ముస్తాక్ 112, మర్చంట్ 114. విదేశాల్లో ఇండియాకు తొలి టెస్టు సెంచరీ ముస్తాక్‌దే. 40 ఏళ్ల వయసులో అదే తొలి టెస్టు ఆడుతున్న కోటా రామస్వామి 40, 60 పరుగులు చేశారు. మ్యాచ్ డ్రా అయింది.

ఇంత గొప్ప ఇన్నింగ్స్ వెనక కూడా ఓ చేదు కథ ఉంది. మర్చంట్‌ను రనౌట్ చేయించమని ముస్తాక్‌కు విజ్జీ చెప్పారట. ముస్తాక్ నేరుగా వెళ్లి ఆ సంగతి మర్చంట్‌కే చెప్పేశారట. ఇద్దరూ నవ్వుకుని బ్యాటింగ్ కొనసాగించారని క్రికెట్ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మిగతా రెండు టెస్టులూ ఇండియా ఓడింది. అదే టూర్ మధ్యలో బ్రిటిష్ ప్రభుత్వం విజ్జీకి సర్ బిరుదు ఇచ్చింది.

తిరిగొచ్చాక విచారణ జరిగింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ కమిటీ 1937 జనవరిలో నివేదిక ఇచ్చింది. అమర్‌నాథ్‌పై మచ్చ తొలగించింది. విజ్జీకి ఫీల్డింగ్ పెట్టడం, బౌలర్లను మార్చడం తెలియదని, బ్యాటింగ్ ఆర్డర్ కూడా ఒక పద్ధతిలో లేదని తేల్చింది. ఆయన మళ్లీ టెస్టు ఆడలేదు.

మైదానం బయట రెండో ఇన్నింగ్స్

ఇంత అవమానం తర్వాత ఇంకొకరైతే ఆటనే ద్వేషించేవారు. విజ్జీ అలా చేయలేదు. ఆయన కథలో అన్నిటికంటే ఆలోచింపజేసే భాగం ఇదే. బ్యాట్ పక్కన పెట్టాకే ఆయన క్రికెట్‌కు ఎక్కువ మేలు చేశారు.

స్వాతంత్ర్యం వచ్చే ముందు 1947లో సర్ బిరుదును వదిలేశారు. ఉత్తరప్రదేశ్ క్రికెట్ సంఘాన్ని నడిపారు. 1954 నుంచి 1957 దాకా బీసీసీఐ అధ్యక్షుడిగా ఉన్నారు. ఏ సీకేతో పడలేదో అదే సీకేను బతిమాలి ఉత్తరప్రదేశ్ జట్టుకు రప్పించారు. 1956-57 రంజీ సీజన్‌లో 61 ఏళ్ల సీకే ఆ జట్టుకు ఆడారు! 1952లో పాకిస్థాన్ సిరీస్‌కు అమర్‌నాథ్ మళ్లీ కెప్టెన్ కావడంలోనూ విజ్జీ హస్తం ఉందంటారు. తప్పు ఒప్పుకున్నట్టు ఆయన నోటితో చెప్పారో లేదో గానీ, చేసిన పని మాత్రం కనిపిస్తోంది.

రేడియో కామెంటరీ కూడా చెప్పేవారు. 1959లో ఇండియా ఇంగ్లండ్ వెళ్తే బీబీసీ ఆయన్ను అతిథి కామెంటేటర్‌గా పిలిచింది. అయితే ఆయన కామెంటరీ సాగదీతేనని శ్రోతలు విసుక్కునేవారు. దానిమీదా ఓ జోక్ ఉంది. తాను పులులను ఎలా వేటాడిందీ విజ్జీ గొప్పగా చెబుతుంటే, వెస్టిండీస్ బ్యాటర్ రోహన్ కన్హాయ్ ఆశ్చర్యం నటించారట. రేడియోలో మీ కామెంటరీ పెట్టి వదిలేస్తే పులులు విసుగుతోనే చచ్చిపోయాయేమో అనుకున్నానన్నట్టు చురక వేశారట.

1958లో పద్మభూషణ్ వచ్చింది. 1960ల మొదట్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభ సభ్యుడిగా ఉన్నారు. అలా చివర్లో మళ్లీ మన ప్రాంతంతో బంధం కలిసింది. 1965 డిసెంబర్ 2న కాశీలో కన్నుమూశారు. ఇంకో 26 రోజులుంటే 60 నిండేవి. యూనివర్సిటీ కుర్రాళ్ల కోసం జోన్ల మధ్య జరిగే టోర్నీకి ఆయన గుర్తుగా విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు.

ఇంకో చోట కూడా ఆయన గుర్తు మిగిలి ఉంది. అది చాలామందికి తెలియదు. జాక్ హాబ్స్ ఫస్ట్‌క్లాస్ సెంచరీలు ఎన్ని అని వెతికితే ఒకచోట 197 అని, ఇంకోచోట 199 అని కనిపిస్తుంది. పరుగులు కూడా ఒక లెక్కలో 61,237, మరో లెక్కలో 61,760. ఎందుకీ తేడా అంటే.. 1930-31లో విజ్జీ జట్టు ఆడిన మ్యాచ్‌లను ఫస్ట్‌క్లాస్‌గా లెక్కపెట్టాలా వద్దా అన్నది క్రికెట్ గణాంకాల నిపుణుల మధ్య ఇప్పటికీ తేలలేదు. ఆ రెండు సెంచరీలు హాబ్స్ కొట్టింది విజ్జీ జట్టు తరఫునే.