తన పొరపాటును రాసిపెట్టిన హకీం

తాడేపల్లిగూడెంలో మా బంధువుల ఇంట ఒకసారి మందుల షాపు కుర్రాడు ఒక మాత్రకు బదులు, అలాంటి పేరే ఉన్న మరో మాత్ర ఇచ్చాడు. ఇంట్లో చదువుకుంటున్న అమ్మాయి చీటీతో సరిచూసి పెద్దావిడ వేసుకోకముందే ఆపింది. అల్‌హమ్దులిల్లాహ్, ఏమీ కాలేదనుకున్నాం. మాత్రలు మార్చుకొచ్చాం. షాపు యజమానితో గాని, డాక్టరుగారితో గాని ఒక్క మాటా చెప్పలేదు. మేము చేసింది సరైనదేనా? అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అల్ రాజీ జీవితం చదివితే కాదనిపిస్తుంది.

రాజీ క్రీ.శ. 865 ప్రాంతంలో, నేటి టెహ్రాన్ పక్కనున్న రయ్ నగరంలో జన్మించారు. వైద్యం కాస్త ఆలస్యంగా నేర్చుకున్నా, రయ్‌లోనూ బాగ్దాదులోనూ ఆసుపత్రులకు పెద్ద హకీం అయ్యారు. మశూచికి, తట్టుకు తేడా ఏమిటో వివరిస్తూ గ్రంథం రాశారు. రోగుల దగ్గర తాను చూసినదంతా రాసిపెట్టుకోవడం ఆయన అలవాటు.

ఆ రాతల్లో అబ్దుల్లాహ్ బిన్ సవాదా అనే రోగి సంగతి ఉంది. అతనికి ఒకప్పుడు రోజూ, ఒకప్పుడు రోజు విడిచి రోజు, ఒకప్పుడు ఆరు రోజులకోసారి జ్వరం వచ్చేది. మూత్రం మాటిమాటికీ అయ్యేది. ఇది చలిజ్వరమా, మూత్రపిండంలో పుండా అన్నది రాజీ మొదట తేల్చి చెప్పలేకపోయారు. కొద్దికాలానికి మూత్రంలో చీము కనిపించడంతో విషయం తేలింది. తగిన మందులిచ్చారు. సుమారు రెండు నెలల్లో రోగి పూర్తిగా కోలుకున్నాడు.

అంతటితో ముగిస్తే రాజీకి మంచి పేరే మిగిలేది. కాని లేచి నిలబడినప్పుడు నడుము బరువుగా లాగుతోందా అని రోగిని అడగకపోవడం తన అలక్ష్యమేనని ఆయన రాశారు. రోగి తండ్రికీ మూత్ర సంబంధమైన బాధ ఉండేదని తనకు తెలియలేదనీ రాశారు. నష్టం జరగలేదు, నిలదీసినవారూ లేరు. అయినా తర్వాత వచ్చే వైద్యులు ఆ ప్రశ్న మరువకూడదు కదా!

చివరి రోజుల్లో రాజీ చూపు కోల్పోయారు. 925 ప్రాంతంలో మరణించారు. ఆయన రాతలను తర్వాతివారు 'అల్ హావీ' పేరుతో కూర్చారు. ఆ అరబీ గ్రంథాన్ని మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1955 నుంచి 23 భాగాలుగా అచ్చువేసింది.

మా ఇంట్లో ప్రమాదం తప్పింది చదువొచ్చిన పిల్ల ఉండబట్టి. అదే మాత్ర కొల్లేటి లంకలో ఒంటరిగా ఉండే ముసలమ్మ చేతికి వెళితే ఎవరు సరిచూస్తారు? పొరపాటు అదే, ఆమెకు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఆలోచన వచ్చాక మేము మళ్లీ వెళ్లి యజమానికి చెప్పాం. ఆయన కుర్రాడిని తిట్టలేదు. ఆ రెండు డబ్బాలను వేర్వేరు అరల్లో పెట్టించారు.

పాఠం తప్పు చదివినందుకు కొడితే పిల్లవాడు మరునాడు నోరు విప్పడు. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతూ మేము తెలుసుకున్నది ఇదే. నర్సమ్మ అయినా, కాంపౌండరు అయినా అంతే. ఏలూరులోనైనా, లంకలోనైనా ప్రాణం అల్లాహ్ అప్పగించిన అమానతు. కనుక తప్పిపోయిన ప్రమాదాన్ని కూడా సంబంధించినవారికి నెమ్మదిగా చెబుదాం. చెప్పినవారిని దోషిగా చూడకుండా ఉందాం.