ఋణము మరువని వైద్యుడు

ఖరగ్‌పూరులో హిమము కురియదు. డిసెంబరు, జనవరి మాసములలో తెల్లవారుజామున రైలు పట్టాలమీద పొగమంచు పరచుకొని, ప్రొద్దెక్కులోగా విడిపోవును. నేలనంతటిని తెల్లగా కప్పివేయు హిమమును అక్కడి తెలుగు కుటుంబములు ఎక్కువగా క్రిస్మసు కార్డులమీదనే చూచియున్నవి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఊరిలో జంక్షనును, వర్కుషాపును నిర్మించిన నాటినుండి ఉత్తరాంధ్రమునుండి అనేకులు అచ్చటికి పనికి వెళ్లి, తరతరములుగా రైల్వే క్వార్టర్లలో కాపురముండిరి. అయితే ఆ కాపురములకు ఒక గడువు కలదు. ఉద్యోగవిరమణ జరిగిన పిమ్మట క్వార్టరు తాళములు అప్పగింపవలెను. పెరడును, చెట్టునీడను విడిచి, అనేకులు రెండు గదుల ఇంటికి మారవలెను. సామానులో సగము ఇరుగుపొరుగువారికి పంచిపెట్టబడును. గుమ్మమునొద్ద అన్నము తిని పెరిగిన కుక్క మాత్రము ఏ మూటలోను చేరదు. లారీ వెంట మలుపువరకు పరుగెత్తి, అక్కడ నిలిచిపోవును. ఆ యింటివారు దానికేమి ఋణపడియున్నారు? చిన్న ఇంటిలోనికి తప్పక కొనిపోవలసినది ఏది? మంచుదేశమందు సేవచేసిన సర్ విల్ఫ్రెడ్ గ్రెన్ఫెల్ జీవితము ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుచున్నది.

గ్రెన్ఫెల్ 1865 ఫిబ్రవరి 28వ తేదీన ఇంగ్లాండులో పార్క్‌గేట్ అను తీరగ్రామమందు జన్మించెను. ఆయన తండ్రి అచ్చటి పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. పడవలతోను, సముద్రపు గాలితోను ఆడుకొని పెరిగిన ఈ బాలుడు లండనులో వైద్యవిద్యార్థి ఆయెను. 1885లో ఒక రాత్రి, తూర్పు లండనులో రోగిని చూచి తిరిగివచ్చుచు, దారిలో నున్న ఒక పెద్ద డేరాలోనికి తొంగిచూచెను. అమెరికా సువార్తికుడైన డి. ఎల్. మూడీ అక్కడ కూటములు జరుపుచుండెను. ఒక సహోదరుని ప్రార్థన ఎంతకును ముగియకపోవుటచే విసిగిన గ్రెన్ఫెల్ బయటికి పోబోయెను. ఇంతలో మూడీ లేచి, ఆ సహోదరుడు తన ప్రార్థన ముగించులోగా అందరు ఒక కీర్తన పాడవలెనని చెప్పెను. ఆ మాటకు యువకుడు ఆగిపోయెను, ప్రసంగమంతయు వినెను. తన చదువును, బలమును క్రీస్తు సేవకే వినియోగింపవలెనను తీర్మానమునకు ఆ రాత్రి నాంది ఆయెను.

పిమ్మట ఆయన సముద్రముమీద చేపలుపట్టువారికి వైద్యము చేయు మిషనులో చేరెను. 1892లో అట్లాంటిక్ దాటి లాబ్రడార్ తీరమునకు వెళ్లి, ఆ ఒక్క వేసవిలోనే సుమారు 900 మంది రోగులను చూచెను. వైద్యుడు లేని ఆ తీరమున బీదరికమును, క్షయను, ఆకలిని చూచినవాడు దానిని మరి విడువలేకపోయెను. 1893లో బాటిల్ హార్బర్‌లో మొదటి ఆసుపత్రి తెరువబడెను. కాలక్రమమున న్యూఫౌండ్లాండు ఉత్తరపు కొననున్న సెయింట్ ఆంథొనీ ఆయన సేవకు కేంద్రమాయెను. ఆ దినములలో చలికాలమందు అక్కడ సముద్రము గడ్డకట్టెడిది, ఓడలు వచ్చెడివి కావు, దారులు హిమముక్రింద కనబడకుండ పోయెడివి. అప్పుడు రోగికిని వైద్యునికిని నడుమ వంతెనగా నుండినవి స్లెడ్జిబండి నీడ్చు కుక్కలే.

1908లో ఈస్టరు దినములయందును సెయింట్ ఆంథొనీలో చలికాలము విడువలేదు. దక్షిణముగా 60 మైళ్ల దూరమున, రెండు వారముల క్రితము శస్త్రచికిత్స జరిగిన ఒక యువకుని కాలు తిరిగి చీముపట్టి, ప్రాణాపాయముగా నున్నదని కబురు వచ్చెను. గ్రెన్ఫెల్ 8 కుక్కలను బండికి కట్టి బయలుదేరెను. రెండవ దినమున దారి తగ్గించుకొనుటకై గడ్డకట్టిన అఖాతము మీదుగా పోవుచుండగా గాలి మారెను. మంచు పగిలెను. బండియు, కుక్కలు, మనుష్యుడు చల్లని నీటిలో పడిరి. ఆయన కత్తితో పగ్గములు కోసి కుక్కలను విడిపించి, వాటి సహాయముతోనే ఒక మంచుముక్కమీదికి ప్రాకెను. అది ఎక్కువసేపు నిలుచునట్లు కనబడలేదు. కొంచెము దూరమున మరియొక పెద్ద పలక కలదు. కాని కుక్కలు నీటిలోనికి దుమికుటకు భయపడెను. జాక్ అను చిన్న నల్లకుక్కకు విసిరిన వస్తువును తెచ్చు అలవాటుండెను. గ్రెన్ఫెల్ ఆ పలకవైపు ఒక మంచుబెడ్డ విసరెను. జాక్ ఈదుకొనిపోయి దానిమీద నిలిచెను. తక్కినవి దానివెంట పోయెను; యజమానుడు వాటి పగ్గములు పట్టుకొని వెళ్లెను.

ఆ పలక ఒక చిన్న గదియంత. దానికి గోడలు లేవు, కప్పు లేదు. గాలి దానిని తెరపి సముద్రమువైపు నెట్టుచుండెను. కోటు, టోపి, చేతితొడుగులు నీటిలో పోయెను. తడిసిన బట్టలు ఒంటిమీదనే గడ్డకట్టుచుండెను. తెల్లవారువరకు ప్రాణము నిలుపుకొనుటకు ఒకే మార్గము తోచెను. మూడీ, వాచ్, స్పై అను మూడు కుక్కలను ఆయన తన చేతితోనే చంపి, వాటి చర్మములు కప్పుకొని, మిగిలినవాటిలో పెద్దదానిని కౌగిలించుకొని ఆ రాత్రి గడపెను. నమ్మి వెంటవచ్చినవాటిని చంపవలసివచ్చిన బాధను ఆయన దాచలేదు, దానిని వీరకార్యముగా చెప్పుకొనలేదు. ఉదయమున చచ్చిన కుక్కల కాళ్ల యెముకలను ఒకదానికొకటి కట్టి, కఱ్ఱగా చేసి, దానికి తన చొక్కాను జెండావలె తగిలించి ఊపెను. ముందటి సాయంకాలమే తీరమునుండి ఆయనను కనుగొనిన పల్లెవారు, కదలాడు మంచుగడ్డలమధ్య ప్రాణములకు తెగించి పడవ నడిపించి, ఆయనను, మిగిలిన కుక్కలను రక్షించిరి. కాళ్లు చేతులు చలికి దెబ్బతిని, ఆయన మంచము పట్టెను. ఏ రోగికొరకు బయలుదేరెనో ఆ యువకుడు కొన్ని దినములకు పడవలో ఆసుపత్రికి తేబడి, చికిత్స పొంది బ్రదికెను.

గ్రెన్ఫెల్ 1909లో ఆన్ మక్‌లానహన్ అను అమెరికా యువతిని వివాహమాడెను. సెయింట్ ఆంథొనీలో వారి యింటి హాలులో ఒక కంచు పలక గోడకు తగిలింపబడెను. దానిమీద 1908 ఏప్రిల్ 21వ తేదీయు, మూడు కుక్కల పేర్లును, అవి మంచుమీద ఆయన ప్రాణమునకు మారుగా తమ ప్రాణము లిచ్చినవను సంగతియు చెక్కబడియుండెను. దేశదేశములనుండి వచ్చిన అతిథులు ఆ గృహస్థుని గొప్పతనమునకు ముందు ఆయన ఋణమును చదువవలసివచ్చెను.

1927లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదునిచ్చెను. కాని దేహము బలహీనమగుచుండెను, గుండెజబ్బు ఆరంభమాయెను. ఆసుపత్రులు, పాఠశాలలు, అనాథాశ్రమము, ఆ తీరమంతయు ఇతరుల చేతుల కప్పగించి, భార్యతో అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున చార్లట్ గ్రామమందు విశ్రాంతి తీసికొనెను. 1938లో భార్య మరణించెను. మరుసటి వేసవిలో ఆమె చితాభస్మముతో ఆయన సెయింట్ ఆంథొనీకి చివరిసారి వెళ్లెను. 1940 అక్టోబరు 9వ తేదీన తానును కన్నుమూసెను. ఊరిని, ఆసుపత్రిని చూచుచున్న కొండమీద, ఒక బండరాతిలో, ఆమె ప్రక్కనే ఆయన భస్మమును ఉంచిరి. తీరమంత విశాలమైన జీవితమునకు చివరకు కావలసిన స్థలము అంతయే.

మంచుపలకమీద గ్రెన్ఫెల్‌కు మిగిలినవి కొద్ది. అయినను ఆ రాత్రినుండి ఆయన ఇంటికి తెచ్చుకొనినది మూడు పేర్లు. క్వార్టరు విడుచు కుటుంబమునకును బీరువా పట్టకపోవచ్చును, మంచము పట్టకపోవచ్చును. కృతజ్ఞతకు మాత్రము ఏ గదియు ఇరుకు కాదు. అయితే కృతజ్ఞత ఒక పనిగా కనబడవలెను. తాళములు అప్పగించుటకు ముందు, పొరుగింటి గుమ్మము తట్టి, ఇన్నాళ్లు కావలికాచిన ఆ కుక్కకు రేపటినుండి అన్నము పెట్టువారెవరో చూచి మరి లారీ ఎక్కువాడు, ఎంత చిన్న ఇంటిలోనికైనను ధనవంతుడై ప్రవేశించును.