ఇవాన్ పావ్లోవ్

ఇవాన్ పెట్రోవిచ్ పావ్లోవ్ (సెప్టెంబరు 26, 1849 - ఫిబ్రవరి 27, 1936) సుప్రసిద్ధ రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త. జీర్ణక్రియపై జరిపిన పరిశోధనలకు గాను 1904లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. నోబెల్ బహుమతి పొందిన మొట్టమొదటి రష్యా దేశీయుడు ఈయనే. గంట శబ్దానికి లాలాజలం స్రవించే కుక్క ప్రయోగం ద్వారా ఈయన పేరు విద్యార్థులందరికీ సుపరిచితం. అయితే ఆరోగ్యంగా ఉన్న కుక్క ఏ కారణాల వలన భయానికి, ఆందోళనకు, ఉద్రేకానికి లోనవుతుంది, దానిని తిరిగి మామూలు స్థితికి ఏ విధంగా తీసుకురావచ్చు అన్న ప్రశ్నలపై కూడా ఈయన తన జీవితపు చివరి రెండు దశాబ్దాలలో విస్తృతంగా పరిశోధించాడు. భయపడే కుక్కలకు నేడు ఇస్తున్న శిక్షణకు మూలసూత్రాలు ఈ పరిశోధనలలో కనిపిస్తాయి.

బాల్యం, విద్యాభ్యాసం

పావ్లోవ్ మాస్కోకు ఆగ్నేయంగా ఉన్న ర్యజాన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ప్యోతర్ ద్మీత్రియెవిచ్ క్రైస్తవ మతాచార్యుడు. తల్లి వర్వారా ఇవానోవ్నా. సంతానంలో ఇవాన్ పెద్దవాడు. చిన్నతనంలో ఎత్తు నుండి పడి తీవ్రంగా గాయపడటంతో 11 ఏళ్ళ వయసు వరకు బడికి వెళ్ళలేదు. తండ్రి వృత్తినే చేపట్టవలసినవాడిగా మత విద్యాలయంలో చేరాడు గాని, అక్కడ ఉండగా ఇవాన్ సెచెనోవ్ రచనలు చదివి విజ్ఞానశాస్త్రం వైపు ఆకర్షితుడయ్యాడు. 1870లో మత విద్యను విడిచి సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు. 1875లో పట్టా పుచ్చుకుని, ఆ తరువాత వైద్యవిద్య అభ్యసించి, 1883లో హృదయ నాడులపై సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి డాక్టరేటు పొందాడు. 1881లో సెరాఫీమా కర్చేవ్‌స్కయాను వివాహమాడాడు. 1884 నుండి 1886 వరకు జర్మనీలో కార్ల్ లుడ్విగ్, రుడాల్ఫ్ హైడెన్‌హైన్‌ల వద్ద పనిచేశాడు.

జీర్ణక్రియ పరిశోధనలు

1890లో సైనిక వైద్య అకాడమీలో ఆచార్యుడయ్యాడు. 1891లో పీటర్స్‌బర్గులోని ప్రయోగాత్మక వైద్య సంస్థలో శరీరధర్మ శాస్త్ర విభాగానికి అధిపతియై మరణించేవరకు, అనగా 45 సంవత్సరాల పాటు, అక్కడే పనిచేశాడు. అంతవరకు శాస్త్రవేత్తలు జంతువును కోసి కొద్ది గంటలలో ముగించే ప్రయోగాలే ఎక్కువగా చేసేవారు. పావ్లోవ్ అందుకు భిన్నంగా కుక్కకు శస్త్రచికిత్స చేసి, అది పూర్తిగా కోలుకున్న తరువాత నెలల తరబడి దాని జీర్ణగ్రంథుల పనిని పరిశీలించేవాడు. ఒకే కుక్కను ఇంతకాలం దగ్గరగా చూడటం వలన ఏ కుక్క స్వభావం ఎటువంటిదో ఆయనకు, ఆయన సహాయకులకు బాగా తెలిసివచ్చేది. ఈ పరిశోధనల సారం 1897లో గ్రంథరూపంలో వెలువడింది.

నిబంధిత ప్రతీకార చర్యలు

ఆహారం నోటికి అందకముందే, దానిని తెచ్చే మనిషిని చూసినంతనే కుక్కకు లాలాజలం ఊరటం ప్రయోగశాలలో గమనించారు. పావ్లోవ్ దీనినే పరిశోధనాంశంగా స్వీకరించాడు. ఆహారానికి ముందు ఏదైనా ఒక సంకేతాన్ని పదేపదే ఇస్తే, కొంతకాలానికి ఆ సంకేతం ఒక్కటే లాలాజలం స్రవింపజేస్తుంది. దీనిని నిబంధిత ప్రతీకార చర్య అంటారు. 1903లో మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో పావ్లోవ్ ఈ విషయాన్ని ప్రకటించాడు. వాడుకలో గంట ప్రయోగంగా పేరుపడినప్పటికీ, ఈయన ఎక్కువగా ఉపయోగించినవి మెట్రోనోము, బజరు, విద్యుద్దీపం, చర్మంపై స్పర్శ మొదలైనవి. తెలుగునాట ఉపాధ్యాయ శిక్షణ పాఠ్యాంశాలలో ఇది శాస్త్రీయ నిబంధనం అన్న పేరుతో బోధింపబడుతున్నది.

కుక్కలలో నాడీ రుగ్మతలు

ఈ పరిశోధనలు సాగుతుండగా కొన్ని కుక్కలు అనుకోని విధంగా ప్రవర్తించాయి. వాటిలో రెండు ఉదంతాలు ముఖ్యమైనవి.

* మరియా యెరొఫెయెవా ప్రయోగం: ఈమె కుక్క చర్మానికి విద్యుత్తు తగిలించి, వెంటనే ఆహారం పెట్టేది. కొంతకాలానికి ఆ కుక్క పెనుగులాట మాని, విద్యుత్తు తగలగానే ఆహారం కోసం ఎదురుచూడసాగింది. అయితే విద్యుత్తును శరీరంలోని ఇతర భాగాలకు మార్చుతూ పోగా, ఒక దశలో ఆ అలవాటు ఒక్కసారిగా చెదిరిపోయి కుక్క తీవ్రంగా తిరగబడింది.

* షెంగర్-క్రెస్తోవ్నికోవా ప్రయోగం (1914): వృత్తం కనిపిస్తే ఆహారం, దీర్ఘవృత్తం కనిపిస్తే ఆహారం లేదు అని కుక్కకు నేర్పారు. తరువాత దీర్ఘవృత్తాన్ని క్రమంగా వృత్తానికి దగ్గర చేస్తూ వచ్చారు. అక్షాల నిష్పత్తి 9:8కి చేరిన తరువాత కుక్క ఆ రెండింటినీ సరిగా గుర్తించలేకపోయింది. మూడు వారాలలో దాని విచక్షణ మెరుగుపడకపోగా, అంతకుముందు సులభంగా గుర్తించినవాటిని కూడా గుర్తించలేని స్థితికి వచ్చింది. అంతవరకు నెమ్మదిగా ఉండే ఆ జంతువు అరుస్తూ, మెలికలు తిరుగుతూ, ఒంటికి అమర్చిన పరికరాలను పళ్ళతో పీకివేయసాగింది.

కుక్కను కొట్టకుండా, బెదిరించకుండా, కేవలం పరస్పర విరుద్ధమైన సంకేతాల మధ్య నిలబెట్టినంత మాత్రాన అది రోగగ్రస్తమవుతుందని రెండవ ప్రయోగం నిరూపించింది. ఈ స్థితికి పావ్లోవ్ ప్రయోగాత్మక న్యూరోసిస్ అని పేరు పెట్టాడు.

1924 వరద

1924 సెప్టెంబరు 23న నీవా నది పొంగి లెనిన్‌గ్రాడ్‌ను ముంచెత్తింది. కుక్కల గదులలోకి నీరు చేరింది. పెనుగాలి, అలల హోరు మధ్య సిబ్బంది కుక్కలను నీటిలో ఈదించుకుంటూ ప్రధాన భవనానికి చేర్చి, పరిచయం లేనివాటిని సైతం ఒకేచోట గుమిగూర్చి ఉంచారు. ప్రాణాలు దక్కినప్పటికీ కొన్ని కుక్కల ప్రవర్తన మారిపోయింది. అలెక్సీ స్పెరాన్‌స్కీ పరిశీలనలో ఉన్న ఒక కుక్కలో ఎంతోకాలంగా స్థిరపడిన ప్రతిచర్యలు దాదాపు అన్నీ మాయమయ్యాయి. ప్రయోగపీఠంపై పెట్టిన ఆహారాన్ని అది ముట్టలేదు. తనకు అలవాటైన ప్రయోగకర్త గదిలో ఉన్నప్పుడు మాత్రం కొంత కుదుటపడేది. ఆయన దుస్తులను గదిలో కనపడకుండా ఉంచినా అటువంటి ఫలితమే కనిపించింది.

కొన్ని వారాలకు ఆ కుక్క కోలుకున్నది. అప్పుడు తలుపు కింద నుండి గదిలోకి సన్నని నీటిధారను వదిలి చూశారు. కుక్క వెంటనే ఆందోళనతో నేలవైపు చూస్తూ, ఎగశ్వాసతో, పీఠం దిగిపోవటానికి ప్రయత్నించింది. ఆహారం మళ్ళీ మానివేసింది. పైకి నయమైనట్లు కనిపించినా భయం మూలం లోపల నిలిచి ఉంటుందని, చిన్న గుర్తు దానిని తిరిగి మేల్కొల్పగలదని ఈ ఉదంతం తెలిపింది.

స్వస్థత చేకూర్చిన విధానాలు

* విశ్రాంతి: రుగ్మతకు కారణమైన పనిని పూర్తిగా ఆపి, కొంతకాలం కుక్కను ప్రయోగాలకు దూరంగా ఉంచేవారు.

* సులభమైన మెట్టుకు తిరిగిరావటం: వృత్తాల ప్రయోగంలోని కుక్కకు మొదటి పాఠం నుండి నెమ్మదిగా మళ్ళీ నేర్పారు. ఈసారి మొదటిసారి కంటే రెట్టింపు కాలం పట్టింది. కుక్క శాంతించింది గాని, 9:8 నిష్పత్తి వద్దకు రాగానే తిరిగి ఉద్రేకానికి లోనయింది.

* ఆహారంతో అలవాటు చేయటం: కట్లను భరించలేక పెనుగులాడే ఒక కుక్కకు నెలల తరబడి ఆహారమంతా ప్రయోగపీఠంపైనే పెట్టి, ఆ స్థలమంటే ఉన్న విముఖత పోగొట్టారు. దీనిని పావ్లోవ్, గుబెర్‌గ్రిట్స్ 1917లో వివరించారు.

* ఔషధం: మరియా పెట్రోవా కొన్ని కుక్కలకు బ్రోమైడ్ ఇచ్చి గుణం కనుగొన్నది. బలహీన స్వభావం గల కుక్కకు చాలా తక్కువ మోతాదు సరిపోతుందని, మోతాదు మించితే హాని కలుగుతుందని తేలింది.

స్వభావం, పెంపకం

ఒకే కష్టానికి ఒక కుక్క రెచ్చిపోతే, మరొకటి ముడుచుకుపోయేది. దీనిని బట్టి పావ్లోవ్ నాడీవ్యవస్థ యొక్క బలం, సమతుల్యత, చలనశీలత ఆధారంగా కుక్కలను నాలుగు రకాలుగా విభజించాడు. పిరికి కుక్కలన్నీ పుట్టుకతోనే బలహీనమైనవని మొదట భావించాడు. లెనిన్‌గ్రాడ్ సమీపంలోని కోల్తుషి కేంద్రంలో విర్జికోవ్‌స్కీ, మయొరోవ్ జరిపిన ప్రయోగం ఆ అభిప్రాయాన్ని మార్చింది. వారు ఒకే ఈతలో పుట్టిన పిల్లలలో కొన్నింటిని స్వేచ్ఛగాను, కొన్నింటిని బోనులలోను పెంచారు. బోనులో పెరిగినవి కొత్త ప్రదేశాలకు, అపరిచిత శబ్దాలకు బెదిరిపోయేవి. నాడీవ్యవస్థ బలమైనదైనా, లోకం చూడకుండా పెరిగిన కుక్క పిరికిది కాగలదని పావ్లోవ్ అంగీకరించి తన వర్గీకరణను సవరించుకున్నాడు.

సోవియట్ ప్రభుత్వంతో సంబంధాలు

విప్లవానంతర కరువులో అనేక ప్రయోగశాల కుక్కలు ఆకలితో మరణించాయి. 1921లో లెనిన్ ప్రత్యేక ఉత్తర్వు ద్వారా పావ్లోవ్ పరిశోధనలకు వసతులు కల్పించాడు. అయినప్పటికీ ఈయన ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించేవాడు. 1930 దశకంలో అరెస్టులను ఖండిస్తూ ప్రభుత్వ నాయకులకు లేఖలు వ్రాశాడు.

విమర్శలు

పావ్లోవ్ ప్రయోగాలలో కుక్కలు అనుభవించిన బాధ కాదనలేనిది. వాటి శరీరాలకు శాశ్వతంగా గొట్టాలు అమర్చేవారు. కుక్కలలో రుగ్మతను బుద్ధిపూర్వకంగా కలిగించి, తరువాత నయం చేసేవారు. కొన్ని ఎన్నటికీ పూర్తిగా కోలుకోలేదు. అటువంటి ప్రయోగాలను నేటి నైతిక నిబంధనలు అనుమతించవు. కుక్కల పట్ల కృతజ్ఞతగా 1935 ఆగస్టులో ప్రయోగాత్మక వైద్య సంస్థ ఆవరణలో కుక్క స్మారకచిహ్నాన్ని నెలకొల్పారు. దీని శిల్పి బెస్పలోవ్.

ప్రభావం

పావ్లోవ్ లక్ష్యం మనుషుల మానసిక వ్యాధులను అర్థం చేసుకోవటమే గాని, పెంపుడు కుక్కల చికిత్స కాదు. అయితే భయాన్ని ఆహారంతో జోడించి, మెల్లమెల్లగా దగ్గర చేసి పోగొట్టే పద్ధతిని 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ ఒక బాలునిపై విజయవంతంగా ప్రయోగించింది. 1958లో జోసెఫ్ వోల్పే దీనిని క్రమబద్ధమైన చికిత్సగా తీర్చిదిద్దాడు. అపరిచితులను, ఇతర కుక్కలను చూసి మొరిగే, మీదపడే కుక్కలకు నేడు శిక్షకులు ఇదే విధానాన్ని అనుసరిస్తున్నారు. భయపెట్టే వస్తువును మొదట దూరంగా ఉంచి, కుక్క ఆహారం తినగలిగినంత నెమ్మదిగా ఉన్నప్పుడే తరువాతి మెట్టుకు వెళతారు. ఆహారం మానివేస్తే మెట్టు ఎక్కువైనదని గ్రహించి వెనుకకు తగ్గుతారు. కుక్కపిల్లలకు చిన్న వయసులోనే మనుషులను, శబ్దాలను, ప్రదేశాలను పరిచయం చేయాలన్న సలహాకు కోల్తుషి ప్రయోగం తొలి ఆధారాలలో ఒకటి.

మరణం

పావ్లోవ్ 1936 ఫిబ్రవరి 27న లెనిన్‌గ్రాడ్‌లో న్యుమోనియా వ్యాధితో తన 86వ ఏట మరణించాడు. ఆయనను అక్కడి వోల్కోవో శ్మశానంలో సమాధి చేశారు.