మురికివాడకు మకాం మార్చిన కగావా

ఉప్పుగూడ ఇరుకు సందుల్లో గృహ ప్రార్థనలకు వెళ్లే మాకు టొయొహికో కగావా తరచూ గుర్తొస్తారు. ఆయన 1888లో జపాన్‌లోని కోబేలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోయారు. క్రీస్తును నమ్ముకున్నందుకు బంధువులూ కాదన్నారు.

1909 క్రిస్మస్‌కు ముందురోజు ఆయన కోబేలోని షింకావా మురికివాడకు మకాం మార్చారు. చిన్న గదిలోనే రోగుల్ని, దిక్కులేనివారిని చేర్చుకున్నారు. అక్కడే ట్రకోమా సోకి చూపు దెబ్బతింది. అన్నం పెడితే చాలదనీ, పేదరికం వేళ్లు కూలిలో, కౌలులో ఉన్నాయనీ అక్కడే గ్రహించారు. 1921లో ఓడల కార్మికుల సమ్మెకు ముందు నిలిచి జైలుకెళ్లారు. 1922లో మిత్రులతో కలిసి రైతు సంఘం స్థాపించారు.

శాంతి కోరినందుకు 1940లో సైనిక పోలీసులు అరెస్టు చేశారు. అదే కగావా యుద్ధం ముదిరాక రేడియోలో అమెరికాను దుయ్యబట్టారు. భక్తుల జీవితాల్లో ఇలాంటి పుటలు దాచడం మాకిష్టం లేదు.

1945 ఓటమి తర్వాత సోషలిస్టు పార్టీ పుట్టుకలో పాలుపంచుకున్నారు. 1946 ఏప్రిల్ ఎన్నికల్లో స్త్రీలు తొలిసారి ఓటేశారు, 39 మంది మహిళలు గెలిచారు. తర్వాతి భూసంస్కరణతో సాగుభూమిలో కౌలు వాటా సుమారు 46 శాతం నుంచి 10 శాతానికి దిగింది. అందులో అమెరికా సైనికాధికారుల ఒత్తిడి ఉంది, నిజమే. కానీ కౌలుదారుల గోడును దాదాపు పాతికేళ్ల ముందే వీధికెక్కించింది ఆ రైతు సంఘమే కదా!

1960 ఏప్రిల్ 23న టోక్యోలో ఆయన ప్రభువు సన్నిధికి చేరారు. ఆయన చొరవతో 1921లో కోబేలో మొదలైన వినియోగదారుల సహకార సంఘం కోప్ కోబే పేరుతో నేటికీ సరుకులు అమ్ముతోంది.