తేరు చక్రాల మీద టెంకాయలు: మదనపల్లె డాక్టరు జేకబ్ చాంబర్లేన్ జీవితం

ఆదివారం ఉదయం బొమ్మనహళ్ళి వీధులలో తెలుగు మాట వినబడని చోటు అరుదు. హోసూరు రోడ్డుకు ఇరుప్రక్కల గార్మెంట్స్ కర్మాగారాలలోను, కట్టడపు పనులలోను కుదురుకొన్న సరిహద్దు పల్లెల కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాల నుండి వెళ్ళినవారు కన్నడం నేర్చుకొన్నారు, పిల్లలను ఇంగ్లీషు బడులలో చేర్చారు. అయినా వారిలో క్రైస్తవులైనవారు ఆరాధనకు బయలుదేరేటప్పుడు సంచిలో పెట్టుకొనేది తెలుగు బైబిలే. ఆ గ్రంథం నేటి రూపానికి రావడానికి ముందు ఎందరో పండితులు, ఎన్నో తరాలు శ్రమించారు. వారిలో ఒకరు ఈ కుటుంబాలు బస్సెక్కి వచ్చిన మదనపల్లెనే తన ఊరుగా చేసుకొని, నలభైయేండ్లకు పైబడి అక్కడి ప్రజల నడుమ పనిచేసి, అక్కడే కన్నుమూశారు. ఆయన పేరు జేకబ్ చాంబర్లేన్. వైద్యుడు, బోధకుడు, అనువాదకుడు.

చాంబర్లేన్ 1835 ఏప్రిల్ 13న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో షారన్ అనే ఊరిలో జన్మించారు. బాల్యం ఓహయో రాష్ట్రంలోని హడ్సన్‌లో గడిచింది. ఆ ఊరిలోనే ఉన్న వెస్టర్న్ రిజర్వ్ కళాశాలలో 1856లో పట్టభద్రులై, న్యూ బ్రన్స్‌విక్‌లోని వేదాంత పాఠశాలలో 1859 నాటికి చదువు ముగించారు. వేదాంతంతో పాటు వైద్యాన్ని కూడా అభ్యసించారు. ఈ రెండవ చదువే తరువాత ఆయన జీవితాన్ని మలచింది. అదే సంవత్సరం షార్లట్ క్లోస్ బర్జ్‌ను వివాహమాడి, భార్యతో కలసి ఓడనెక్కి, 1860లో మద్రాసు చేరుకొన్నారు.

ఆయనను పంపిన సంఘం అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి. దాని ఆర్కాటు మిషనును స్కడ్డర్ సోదరులు 1853లో స్థాపించారు. ఇంగ్లీషు బడుల ద్వారా గాక, ప్రజల భాషలో నేరుగా పల్లెలకు వెళ్ళి బోధించాలన్నది ఆ మిషను పట్టుదల. వారి పని అప్పటికి ఎక్కువగా తమిళ ప్రాంతంలోనే సాగుతూ ఉండేది. తెలుగు ప్రాంతం వైపు చూపు సారించవలసిన భారం యువకుడైన చాంబర్లేన్ మీద పడింది. మొదట పలమనేరులో ఉండి తెలుగు నేర్చుకొని, 1863లో మదనపల్లె చేరారు.

నాటి మదనపల్లె కడప జిల్లాలోని ఒక తాలూకా కేంద్రం. చిత్తూరు జిల్లా ఏర్పడినది ఆయన మరణానంతరం, 1911లో. చుట్టూ కొండలు, రాగి చేలు, వానను నమ్ముకొన్న చెరువులు. సంత నాడు మైసూరు రాజ్యపు సరిహద్దు పల్లెల నుండి కూడా జనం వచ్చేవారు. జ్వరమో, కలరాయో, పాముకాటో వస్తే నాటువైద్యుడు, కులదేవత తప్ప దిక్కులేని రోజులవి. అమెరికా వైద్యుడొకరు ఇంటి వసారాలోనే మందులిస్తున్నారన్న వార్త పల్లెలకు ప్రాకడానికి ఎంతో కాలం పట్టలేదు.

మదనపల్లెకు వచ్చిన సంవత్సరంలోనే ఆయన ఒక సుదీర్ఘ ప్రయాణం చేశారు. కొద్దిమంది దేశీయ సహాయకులను వెంటబెట్టుకొని, ఎడ్లబండ్లలో మందులు, తెలుగు సువార్త పుస్తకాలు నింపుకొని, నైజాము రాజ్యం గుండా గోదావరీ తీరపు అడవుల వరకు వెళ్ళారు. వెయ్యి మైళ్ళకు పైబడిన ప్రయాణం. ప్రాకారం గల ఒక పట్టణంలో జనం ఎదురు తిరిగారు. రాళ్ళు చేతబట్టిన గుంపు చుట్టుముట్టగా, కొట్టే ముందు ఒక్క కథ చెప్పడానికి అనుమతి ఇమ్మని ఆయన కోరారు. క్రీస్తు జీవితాన్ని, సిలువ మరణాన్ని తెలుగులో కథగా చెప్పారు. గుంపులో కొందరి చేతుల నుండి రాళ్ళు జారిపోయాయి. కొందరు కన్నీరు పెట్టుకొన్నారు. పుస్తకాలు కూడా అమ్ముడుపోయాయి. ఇది ఆయన స్వయంగా పలుమార్లు అమెరికా శ్రోతలకు చెప్పిన సంఘటన. ఆ రోజు ఆయనను కాపాడిన సాధనాలలో తెలుగు ఒకటి అన్న సంగతి మాత్రం తెలుగువారు మరువరానిది.

గోదావరి అడవిలో అంతకు మించిన పరీక్ష ఎదురైంది. కలుసుకోవలసిన ప్రభుత్వ స్టీమరు రాలేదు. వానలు పట్టాయి, నది పొంగి బాటలను ముంచింది, వెంట ఉన్నవారిని జ్వరం పట్టుకొంది. పులులు తిరిగే చోట రాత్రి గడపవలసిన గతి పట్టింది. కూలీలు పారిపోవడానికి సిద్ధమయ్యారు. ఆయన కొంచెం దూరం వెళ్ళి ఒంటరిగా ప్రార్థన చేశారు. తిరిగి వచ్చి జనాన్ని నది వైపు నడిపించగా, ఎక్కడో పైన కట్టి ఉంచిన పెద్ద పడవ ఒకటి వరదకు తెగి కొట్టుకొనివచ్చి, సరిగా ఆ చోటనే ఆగి ఉంది. ఆ పడవ మీదనే గుడారం వేసుకొని, పులులు దరిచేరకుండా మంటలు వేసుకొని రాత్రి గడిపారు. దైవసహాయమని ఆయన నమ్మారు. వరద చేసిన పని అని మరొకరు అనవచ్చు. అయితే ఆ అడవి ఆయనకు ఉచితంగా ఏమీ ఇవ్వలేదు. అక్కడ పట్టిన జ్వరం జీవితాంతం మళ్ళీ మళ్ళీ తిరగబెడుతూనే వచ్చింది.

ఇటువంటి సాహసగాథలే ఆయనకు అమెరికాలో పేరు తెచ్చాయి. 1896లో వెలువడిన పులుల అడవి పుస్తకం, 1900లో వచ్చిన నాగుపాము పుట్ట పుస్తకం అక్కడ ఎందరో చదివారు. కానీ పులి ఎదురైన రోజులు ఒక మనిషి జీవితంలో ఎన్ని ఉంటాయి? మిగిలిన వేల రోజులు మదనపల్లెలో ఒకే తీరున గడిచాయి. తెల్లవారక ముందే రోగులు వచ్చి కూర్చొనేవారు. మందు ఇవ్వడానికి ముందు దైవవాక్యం చదివి, నాలుగు మాటలు చెప్పడం నియమం. ఇచ్చే మందుచీటీ మీద కూడా సువార్త సారం అచ్చువేయించి ఉండేది. రోగి ఊరికి పోయి, చదువు వచ్చిన వారెవరి చేతనైనా ఆ కాగితం చదివించుకొనేవాడు. వైద్యాన్ని మతబోధతో ముడిపెట్టడం తగునా అని నేటి పాఠకుడు ప్రశ్నించవచ్చు, ప్రశ్న సమంజసమైనదే. చాంబర్లేన్ మటుకు ఈ రెంటినీ వేరువేరు పనులుగా ఎన్నడూ చూడలేదు. పుండు కడగడం, వాక్యం చదవడం ఆయనకు ఒకే సేవలోని రెండు చేతులు. మదనపల్లెలోను, పలమనేరులోను ఆసుపత్రులు వెలసింది ఈ దినచర్య నుండే.

ఆయనలోని మరొక విశేషం, చుట్టూ ఉన్న పల్లెను చదివిన తీరు. మన సీమలో ఏటేటా జరిగే తేరు తిరునాళ్ళను ఆయన నిలబడి చూశారు. ఒక మారు తేరు కదలక నిలిచిపోయింది. పగ్గం పట్టినవారు కొందరే, ఒడ్డున నిలబడి చూసేవారు ఎక్కువ. గుడి పెద్దలు చక్రాల మీద టెంకాయలు కొట్టించారు. అంతవరకు చేతులు కట్టుకొని ఉన్నవారు కూడా ముందుకు దూకి పగ్గం అందుకొన్నారు. ఒక్క గొంతుతో కేక, ఒక్క ఊపుతో లాగుడు, తేరు కదిలింది. విగ్రహారాధన కూడదని జీవితమంతా బోధించిన మనిషి, ఆ జనం భక్తిలోని నిండుదనాన్ని చూసి తన సంఘం గురించి సిగ్గుపడ్డారు. ఈ దృశ్యం మీద ఆయన వ్రాసిన వ్యాసం అమెరికా చర్చీలలో ప్రసిద్ధి పొందింది. దాని పేరే చక్రాల మీద టెంకాయలు కొట్టమని. అందరూ పగ్గం పట్టనిదే తేరు కదలదు, కొందరి చేతులకు వదలి తక్కినవారు చూస్తూ నిలబడడం భక్తి కాదు అన్నది ఆయన వాదం. చందా వేసి చేతులు దులుపుకొనే విశ్వాసికి ఈ పాఠం చెప్పడానికి ఆయన హిందువుల తిరునాళ్ళనే ఎన్నుకోవడం గమనించదగినది.

గుర్రం కథ ఇంకొకటి. బండికి కట్టిన గుర్రం ఒకటి ఎంత అదిలించినా కదిలేది కాదు. తెలిసినవాడొకడు కర్రకు దారపు ముడి కట్టి, దానిని గుర్రం చెవికి తగిలించి, గడియారానికి కీ ఇచ్చినట్లు మెలిపెట్టేవాడు. అప్పుడు బయలుదేరేది, బయలుదేరిన తరువాత చక్కగానే పరుగెత్తేది. దేవునికి ఇవ్వవలసి వచ్చినప్పుడెల్లా చెవి మెలిపెడితే తప్ప కదలని క్రైస్తవులను ఆయన ఈ గుర్రంతో పోల్చారు. నవ్వు పుట్టించే కథే. అయినా పంటకాలంలో గుప్పెడు రాగులు కానుక పళ్ళెంలో వేసే బీద సంఘస్థుల నడుమ పనిచేసిన బోధకుడు, ధనిక దేశపు చర్చీలకు ఈ కథ చెప్పాడని గుర్తుంచుకొంటే దాని పదును తెలుస్తుంది.

ఆ బీద సంఘాలు ఎక్కువగా మాలవాడలలో ఏర్పడ్డాయి. కులభేదాలను ఆరాధనలోను, ప్రభువు బల్లవద్దను పాటించరాదన్నది ఆర్కాటు మిషను కట్టుబాటు. బయటి ఊరిలో బావినీళ్ళు ముట్టకూడని మనిషి గుడిలో అందరితో కూర్చోవడం, పిల్లవాడు పలక పట్టడం, త్రాగుడు మానడం, ఆదివారం పని ఆపడం వల్ల ఆసామి కోపానికి గురికావడం: విశ్వాసమంటే వారికి ఈ దినవారీ సంగతులే. పెద్దకులాల వారిని కూడా చేరాలని చాంబర్లేన్ ఎంతో ప్రయత్నించారు. వారితో మాట్లాడటానికి వేమన పద్యాలు, సంస్కృత సూక్తులు నేర్చుకొన్నారు. వారు వినేవారు, ఆదరించేవారు, వైద్యం చేయించుకొనేవారు. కానీ బాప్తిస్మం వరకు వచ్చినవారు కొద్దిమందే. ఆయన హిందూమతం గురించి అమెరికాలో వ్రాసిన వ్రాతలలో కఠినమైన మాటలు ఉన్నాయి. అదే మనిషి వేమనను గౌరవంతో ఉదహరించారు. ఈ రెండూ ఆయనలో ప్రక్కప్రక్కనే ఉండేవి.

భాష విషయంలో ఆయన శ్రమకు విరామం లేదు. తన సంఘపు ఆరాధన క్రమాన్ని, ఎన్నో కీర్తనలను తెలుగులోనికి తెచ్చారు. పాశ్చాత్య రాగాల కంటె దేశీయ రాగాలలో పాడినప్పుడే వీధిలో జనం నిలబడి వింటారని ఆయన అనుభవం. అన్నిటికంటె పెద్దపని తెలుగు బైబిలు సవరణ. 1873 నుండి 1894 వరకు ఆ సంఘానికి ఆయన అధ్యక్షులుగా వ్యవహరించారు. తెలుగు సువార్తల తొలినాటి అనువాదాలలో కొన్ని విశాఖపట్నంలో పుట్టాయి. కోస్తాలో నలుగురికీ తెలిసిన మాట రాయలసీమలో తెలియకపోవచ్చు. పండితునికి రుచించేది పల్లెకు అందకపోవచ్చు. పల్లె మాట పండితునికి నీచంగా తోచవచ్చు. సంధి ఎక్కడ విడదీయాలి, సంస్కృత పదం ఎక్కడ ఉంచాలి, వ్యాకరణానికి ఎక్కడ తలవంచాలి అన్న చర్చలు ఇటువంటి పనిలో తప్పవు. వేరువేరు మిషనుల వారు ఒకే బల్లచుట్టూ కూర్చొని ఒక్కొక్క వచనం మీద ఏకాభిప్రాయానికి రావాలి. ఇందులో పులులు లేవు, వరదలు లేవు; అందువలననే కాబోలు, ఆయన పేరు తలచేవారు కూడా ఈ ఇరవై ఒక్క సంవత్సరాల పనిని అంతగా తలచరు.

ఈ మధ్యలో ఆరోగ్యం చెడి ఆయన పలుమార్లు అమెరికా పోవలసి వచ్చింది. అక్కడ 1878లో తన సంఘపు సర్వసభకు అధ్యక్షునిగా ఎన్నికయ్యారు. ఉపన్యాసాలకు జనం విరగబడి వచ్చేవారు. స్వదేశంలో గౌరవప్రదమైన స్థానంలో నిలిచిపోవడానికి తగిన కారణం, అనారోగ్యం, చేతిలోనే ఉంది. కొంచెం కోలుకోగానే ప్రతిమారు మదనపల్లెకు తిరిగి వచ్చారు. ఆయన కుమారులు విలియం, లూయీ అమెరికాలో చదువుకొని ఇదే ఆర్కాటు మిషనులో సేవకు వచ్చారు. భార్య షార్లట్ ఈ రాకపోకలన్నిటిలో, జ్వరాలన్నిటిలో తోడున్నారు; ఆమె గురించి పుస్తకాలు చెప్పినది చాలా తక్కువ.

వృద్ధాప్యంలో రెండు పనులు ఆయన మనస్సును పట్టుకొన్నాయి. ఒకటి, దక్షిణ ఇండియాలో చీలిపోయి ఉన్న సంఘాలను ఏకం చేయడం. రెండవది, తెలుగు బోధకుల కోసం బైబిలు నిఘంటువు. ఊరూరా తిరిగే ఉపదేశికి ఇంగ్లీషు గ్రంథాలు అందవు. లేఖనాలలోని ఊర్లు, మనుషులు, ఆచారాలు, చెట్టుచేమలు ఏమిటో తెలుగులో వివరించే పుస్తకం కావాలి. శరీరం సహకరించని రోజులలో కూడా ఈ గ్రంథం మీదనే కూర్చొన్నారు.

1908 మార్చి 2న మదనపల్లెలో జేకబ్ చాంబర్లేన్ మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 72 సంవత్సరాలు. అదే యేడు దక్షిణ ఇండియా సంయుక్త సంఘం ఏర్పడింది. 1947లో దాని నుండి, మరికొన్ని సంఘాల నుండి దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. మదనపల్లెకు వెలుపల క్షయరోగుల కోసం ఆరోగ్యవరం 1915లో వెలసింది. నిఘంటువు మాత్రం మొదటి సంపుటం దగ్గరే ఆగిపోయింది.